పానాల పెట్టె తర్వాత కొనొచ్చు, ముందు కొలిచే సామాను కొనండి



ఈ మధ్య మన ఊళ్లలో ఒక కొత్త సరదా మొదలైంది. ఇంట్లో ట్రాక్టరుతో పాటు ఒక సెకండ్ హ్యాండు కారు కూడా ఉంటోంది. పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి "నాన్నా, ట్యూనింగ్ మనమే చేసుకుందాం" అంటున్నారు. మంచిదే. చేతకానిదేం కాదు. కానీ వెంటనే చేస్తున్న పని ఏంటంటే, ఫోన్లోనే వంద పైచిలుకు ముక్కలున్న టూల్ కిట్ పెట్టె ఆర్డర్ పెట్టేస్తున్నారు. చూడ్డానికి తళతళలాడుతూ ఉంటుంది. అందులో మనకి పనికొచ్చేవి పదో పన్నెండో. మిగతావి పెట్టెలోనే తుప్పు పడతాయి. అసలు ట్యూనింగ్‌కి కావాల్సిన సామాను మాత్రం అందులో ఒక్కటి కూడా ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇంటి దగ్గర ఇంజన్ చూసుకోవాలనుకునేవాడు ముందు కొలిచే సామాను కొనాలి. విప్పే సామాను ఆ తర్వాత. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తిరగేసి.

అసలు ట్యూనింగ్ అంటే ఏంటి? చాలామంది పవర్ పెంచడం అనుకుంటున్నారు. కాదు. కంపెనీ వాడు ఇంజన్ని ఏ లెక్కలో బిగించి పంపాడో, వాడకంలో ఆ లెక్క తప్పుతుంది. దాన్ని మళ్లీ ఆ లెక్కకి తేవడమే ట్యూనింగ్. ఇంజన్‌కి కావాల్సినవి గాలి, ఆయిలు, లోపల ఒత్తిడి, సరైన టైముకి మంట. పెట్రోలు బండిలో ఆ మంట ప్లగ్గు ఇస్తుంది. డీజిల్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఆయిలు అంటుకుంటుంది. ఈ నాలుగింటిలో ఏది తప్పిందో తెలియకుండా పానా పట్టుకుంటే, బాగున్నదాన్ని విప్పి పాడు చేసుకోవడమే. భూసార పరీక్ష చేయించకుండా పక్కవాడు వేశాడని బస్తాలకి బస్తాలు ఎరువు చల్లడం లాంటిదే ఇది కూడా.

ఒక సంగతి చెప్తా. మా ట్రాక్టరు ఒక సీజన్లో గంట నడిచాక పికప్ తగ్గి ఆగిపోయేది. కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. టౌన్లో ఒక షాపుకి తీసుకెళ్తే చెయ్యైనా పెట్టకుండా "పంపు పోయింది, విప్పి కిట్టు మార్చాలి" అన్నారు. వేలల్లో లెక్క చెప్పారు, నాలుగు రోజులు టైము అడిగారు. అప్పుడు దమ్ముల టైము, నాలుగు రోజులంటే మాటలా? మా ఊళ్లో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు, ఆయన్ని పిలిచాం. ఆయన జానెడు ప్లాస్టిక్ పైపు తెచ్చాడు, లోపల కనపడే తెల్ల రకం. ట్యాంకు నుంచి వచ్చే లైన్లో మధ్యన తగిలించి ఇంజన్ నడిపాడు. పైపులో బుడగలు కనపడ్డాయి. ట్యాంకు కింద రబ్బరు పైపుకి సన్న పగులు. అక్కడ గాలి లాగుతోంది. పైపు మార్చి ఎయిర్ తీస్తే అయిపోయింది. పంపుకి ఏ జబ్బూ లేదు. ఆ జానెడు పైపే ఆ రోజు మా డబ్బు, మా దమ్ము రెండూ కాపాడింది. కొలిచే సామాను అంటే నేను చెప్పేది ఇదే. ఖరీదైంది కావాలని లేదు, ఉన్న జబ్బుని కంటికి చూపించాలి.

ఇక వరసగా చెప్తా. ఏది కొనాలి, ఎందుకు కొనాలి.

మొదటిది మల్టీమీటరు. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. బోరు మోటరు స్టార్టరుకి కూడా పనికొస్తుంది కాబట్టి ఎలాగూ ఇంట్లో ఉండాల్సిందే. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ మీద పెడితే 12.6 ఓల్టులు చూపిస్తే నిండా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అంతకంటే బాగా తక్కువుంటే డైనమో ఎక్కించడం లేదు, 15 దాటుతుంటే ఎక్కువ ఎక్కించి బ్యాటరీని ఉడకబెడుతోంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఓల్టేజి 9.6 కంటే కిందకి జారిపోతుంటే బ్యాటరీ బలం తగ్గింది, లేదంటే సెల్ఫ్ మోటరు ఎక్కువ లాగుతోంది. ఈ మూడు అంకెలు తెలిస్తే బ్యాటరీ మార్చాలా, డైనమో చూపించాలా, సెల్ఫ్ విప్పించాలా అన్నది మీకే తెలుస్తుంది. ఇవి తెలియక డైనమో జబ్బుకి కొత్త బ్యాటరీ కొన్నవాళ్లు ఊరికి పది మంది ఉంటారు.

రెండోది ఫిల్లర్ గేజి. సన్న రేకుల కట్ట, ఒక్కో రేకు మీద దాని మందం రాసి ఉంటుంది. దీంతో టాపెట్ల సందు చూస్తాం. మన ట్రాక్టర్లకి, పాత కార్లకి ఇది తప్పనిసరి. సందు ఎంత ఉండాలన్నది ఇంజన్ని బట్టి మారుతుంది, చల్లగా ఉన్నప్పుడు చూడాలా వేడిగా ఉన్నప్పుడా అన్నది కూడా మారుతుంది. అది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పక్కింటి ట్రాక్టరు లెక్క మన ట్రాక్టరుకి పెట్టకూడదు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. టకటకమని శబ్దం చేసే టాపెట్ కంటే అసలు శబ్దమే చెయ్యని టాపెట్ ప్రమాదం. సందు ఎక్కువైతే శబ్దం చేసి చెప్తుంది. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి దిగే దారి లేక అంచు కాలిపోతుంది. చెవితో చూసి టాపెట్లు బిగించేవాళ్లు నున్నగా నడుస్తోందని సంతోషపడతారు. ఖర్చు తర్వాత వస్తుంది. కొత్త కార్లలో చాలావాటికి టాపెట్లు మనం సర్దేవి కావు. వాటి జోలికి వెళ్లొద్దు.

మూడోది కంప్రెషన్ గేజి. ఇది పెట్రోలు కారు ఉన్నవాళ్లకి. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, ఆయిలు, కరెంటు రెండూ రాకుండా ఆపి, ఒక్కో రంధ్రంలో గేజి పెట్టి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఐదారు తిప్పులు సెల్ఫ్ కొడతాం. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే అన్ని సిలిండర్లు దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంటే ఆ సిలిండర్లో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వు దగ్గరో హెడ్ గ్యాస్కెట్ దగ్గరో లీకు ఉందని. సెకండ్ హ్యాండు కారు కొనేటప్పుడు ఈ ఒక్క గేజి ఉంటే చాలు, అమ్మేవాడి మాటలు వినక్కర్లేదు. ఒక హెచ్చరిక. పెట్రోలు గేజిని డీజిల్ ఇంజన్‌కి పెట్టొద్దు. డీజిల్లో ఒత్తిడి రెట్టింపు పైనే ఉంటుంది, గేజి పగులుతుంది, మొహం మీదకి వస్తుంది. డీజిల్ గేజి వేరే ఉంటుంది, నాజిల్ తీసి పెట్టాలి. అది మెకానిక్ దగ్గర ఉంటే చాలు.

నాలుగోది స్కానరు. ఇప్పుడొచ్చే కార్లన్నిటికీ స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించే చిన్న బ్లూటూత్ ముక్క వెయ్యి లోపే దొరుకుతుంది, ఈఎల్ఎమ్ 327 రకం అంటారు. ఫోన్లో యాప్ వేసుకుంటే ఇంజన్ లైటు ఎందుకు వెలిగిందో కోడ్ చూపిస్తుంది. నకిలీలు చాలా ఉన్నాయి, కొన్ని కొన్ని బండ్లని అసలు చదవవు, కాబట్టి తిరిగి తీసుకునే చోట కొనండి. దీని గురించి నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. కోడ్ అంటే జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. జ్వరం 102 ఉందని థర్మామీటరు చెప్తుంది, అది మలేరియానా టైఫాయిడా అని చెప్పదు. పి0171 అని వచ్చిందనుకోండి, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ వెళ్తోందని అర్థం. దానికి కారణం పగిలిన వాక్యూమ్ పైపు కావచ్చు, మురికి పట్టిన సెన్సరు కావచ్చు, బలం తగ్గిన పెట్రోలు పంపు కావచ్చు. కోడ్ చూడగానే ఆక్సిజన్ సెన్సరు మార్చేసేవాళ్లు వేలు పోసి లైటు మళ్లీ వెలిగించుకుంటారు. పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ కొడుతోందని. అప్పుడు ఒకటో కాయిల్ని రెండో దాంట్లోకి మార్చి చూడండి. కోడ్ పి0302 అయితే కాయిల్ పోయినట్టు. కోడ్ అక్కడే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషన్ చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష. ఇంకోటి, కోడ్‌ని పుస్తకంలో రాసుకోకుండా చెరిపెయ్యొద్దు. పని అయ్యాక ఆ ముక్కని సాకెట్టులోనే వదిలెయ్యొద్దు, బ్యాటరీని మెల్లగా తాగేస్తుంది.

ఇవి కొన్నాకే పానాల దగ్గరికి రండి.

పానాల్లో కూడా పెట్టె కొనొద్దు. మీ బండికి ఏ సైజులున్నాయో ముందు చూసి అవే కొనండి. మారుతి లాంటి కార్లకి ఎక్కువగా 10, 12, 14, 17, 19 సరిపోతాయి. వేరే కంపెనీల్లో 13, 15, 16, 18 వస్తాయి. పాత మాస్సీ లాంటి ట్రాక్టర్లలో అంగుళాల నట్లు ఉంటాయి. అర అంగుళం నట్టు అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పెడితే ఎక్కినట్టే ఉంటుంది, గట్టిగా లాగేసరికి మూలలు అరిగి గుండ్రమవుతుంది. తర్వాత దాన్ని ఉలి పెట్టి కొట్టాల్సిందే. రింగు పానాలు, సాకెట్లు ఆరు మూలల రకం తీసుకోండి, నట్టుని నిండుగా పట్టుకుంటాయి. మన దేశంలో జలంధర్, లుధియానా వైపు మంచి పానాలు తయారవుతున్నాయి, విజయవాడ ఆటోనగర్లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో చేతితో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. పేరున్న కంపెనీ పానా పది కొనండి, పేరు లేనివి వంద వద్దు.

టార్క్ రెంచి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నా దృష్టిలో ఇది కూడా కొలిచే సామానే, పానా కాదు. ఎంత బలంతో బిగించామో చెప్తుంది. మన చేతులు నాగలి పట్టిన చేతులు, బిగించామంటే బిగించామే. కానీ ఇప్పటి ఇంజన్ల హెడ్లు అల్యూమినియంవి. ప్లగ్గుని కోపంతో బిగిస్తే మరలు ఊడి చేతికొస్తాయి. డ్రెయిన్ బోల్టుదీ అదే కథ. పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంతకి పెట్టుకుని, టిక్ మనగానే ఆపెయ్యాలి. పాత పుస్తకాల్లో కేజీ మీటర్లలో ఉంటుంది, రెంచి మీద న్యూటన్ మీటర్లు ఉంటాయి. ఒక కేజీ మీటరు అంటే 9.8 న్యూటన్ మీటర్లు, దాదాపు పది అని లెక్కేసుకోండి. దీంతో ఎప్పుడూ నట్లు ఊడదియ్యొద్దు, పని అయ్యాక కనీస అంకెకి తిప్పి పెట్టండి. లేకపోతే లెక్క తప్పుతుంది. లెక్క తప్పిన రెంచి లేనిదానికంటే చెడ్డది.

ఇక కొనకూడనివి.

కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు ఉన్న పాత బండి మీ దగ్గర లేకపోతే టైమింగ్ లైటు కొనొద్దు. ఇప్పటి కార్లలో టైమింగ్ కంప్యూటరే చూసుకుంటుంది, మనం తిప్పడానికి ఏమీ ఉండదు. నాజిల్ టెస్టరు కొనొద్దు. దాన్నుంచి వచ్చే డీజిల్ పొగమంచులా ఉన్నా చర్మంలోకి సూదిలా దిగుతుంది. కొత్త డీజిల్ కార్లలో కామన్ రైల్ ఉంటుంది. 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకి 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 రూలు వచ్చాక అవి కూడా చాలావరకు ఈ దారికే వచ్చాయి. వీటి లైన్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నడుస్తుండగా ఆ పైపుల నట్టు వదులు చెయ్యడమంటే పాము పుట్టలో చెయ్యి పెట్టడమే. పాత ట్రాక్టరుకి నాజిల్ పైపు వదులు చేసి ఏ సిలిండర్ కొట్టడం లేదో చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. కొత్త బండి మీద ఆ అలవాటు చూపించొద్దు. డీజిల్ చర్మంలోకి దిగితే పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. అయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి, లేకపోతే వేలు, చెయ్యి పోతాయి.

అన్నిటికంటే పెద్ద తప్పుడు ట్యూనింగ్ ఇంకోటుంది. "పంపు పెంచడం". దమ్ములో కేజి వీల్స్ లాగడం లేదనో, పందేనికనో పంపు సీలు తెంచి స్క్రూ తిప్పించేస్తున్నారు. కార్లకి చిప్పు వేయించడం కూడా ఇలాంటిదే. మొదటి రోజు లాగుడు బాగుంటుంది. కానీ లోపలికి వచ్చే గాలి అంతే ఉంది, ఆయిలు మాత్రం పెరిగింది. ఆ ఎక్కువైన ఆయిలు పూర్తిగా కాలక నల్లపొగై పోతుంది. ఆ నల్లపొగ మనం బంకులో డబ్బిచ్చి కొన్న డీజిలే. పైగా వేడి పెరిగి పిస్టన్లు, వాల్వులు దెబ్బతింటాయి, వారంటీ పోతుంది. లాగుడు తగ్గినప్పుడు పంపు పెంచేముందు గాలి ఫిల్టరు చూడండి. ఆయిల్ బాత్ ఫిల్టరు ఉన్న ట్రాక్టరుకి కింద గిన్నెలో ఆయిలు బురదైపోయి ఉంటుంది. రోటవేటరుతో దుమ్ములో దున్నే రోజుల్లో ప్రతిరోజూ చూడాలి. డీజిల్ ఫిల్టరు చూడండి. టాపెట్లు చూడండి. పొగ రంగు చూడండి. నలుపైతే గాలి తక్కువో ఆయిలు ఎక్కువో. నీలమైతే ఇంజనాయిలు కాలుతోంది. వేడెక్కాక కూడా తెలుపు ఆగకపోతే డీజిల్ కాలడం లేదు, లేదా నీళ్లు లోపలికి దిగుతున్నాయి. కన్నే పెద్ద గేజి, అది ఉచితం.

కొంతమంది అడుగుతారు, "మెకానిక్ ఉండగా ఈ గోలంతా మనకెందుకయ్యా, వాళ్ల పొట్ట కొట్టడం కాదా" అని. నేను అలా అనుకోను. మంచి మెకానిక్ చేతికి నేను ఇప్పటికీ పని ఇస్తా. హెడ్ విప్పడం, పంపు, నాజిల్, క్లచ్ ఇవన్నీ ఆయన పనే. కాకపోతే ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు "ఏదో తేడాగా ఉంది" అని వెళ్లడం వేరు, "రెండో సిలిండర్లో కంప్రెషన్ తక్కువ, ఆయిలు పోస్తే పెరిగింది" అని వెళ్లడం వేరు. మొదటివాడికి బిల్లు వాళ్లు రాస్తారు. రెండోవాడితో మాట్లాడి రాస్తారు. తెలిసినవాడు ఎదురుగా ఉంటే మంచి మెకానిక్ సంతోషిస్తాడు, ఇబ్బందిపడేది ఇంకో రకం వాళ్లే.

ఇంకో మాట, ఖర్చు. రెండెకరాల రైతు ఇవన్నీ ఎక్కడ కొంటాడు అంటారు. నిజమే. మల్టీమీటరు, ఫిల్లర్ గేజి ప్రతి ఇంట్లో ఉండాలి, రెండూ కలిపినా ఒక పురుగు మందు డబ్బా ఖరీదు దాటదు. కంప్రెషన్ గేజి, టార్క్ రెంచి, స్కానరు మాత్రం ఏడాదికి నాలుగైదు సార్లు వాడేవి. నాలుగిళ్ల వాళ్లు కలిసి కొనుక్కోండి. స్ప్రేయరు, తాడు, నిచ్చెన ఒకరివి ఒకరం వాడుకోవడం లేదా? ఎవరు తీసుకెళ్లారో ఒక పుస్తకంలో రాసుకుంటే గొడవ ఉండదు. వంద ముక్కల పెట్టె నలుగురు కొనే డబ్బుతో ఊరికి సరిపడా మంచి సామాను వస్తుంది.

ఇక ప్రాణం మీద లెక్క. బండి కిందకి దూరాలంటే జాకీ మీద నమ్మకం పెట్టొద్దు. జాకీ లేపడానికే, మోయడానికి స్టాండ్లు. సీలు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. ఇటుకలు, రాళ్లు పెట్టొద్దు, ఇటుక హఠాత్తుగా పగులుతుంది. గేజిలు ఏది మానేసినా స్టాండ్లు మాత్రం మానొద్దు. షెడ్డు తలుపులు మూసి ఇంజన్ నడపొద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు, మనిషి నిద్రలోకి జారినట్టు పోతాడు. వేడి మీద రేడియేటరు మూత తియ్యొద్దు. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, దాన్నుంచి వచ్చే గ్యాసు అంటుకుంటుంది. పంచె, కండువా ఫ్యాను బెల్టు దగ్గరికి రానివ్వొద్దు.

చివరగా అన్నిటికంటే చవకైన సామాను ఒకటుంది. ఇరవై రూపాయల నోటు పుస్తకం, ఒక పెన్ను. ఏ తేదీన ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు నడిచాక ఆయిలు మార్చారో, టాపెట్ సందు ఎంత ఉందో, బ్యాటరీ ఎంత చూపించిందో రాసి పెట్టండి. బండి బాగున్నప్పుడే ఒకసారి అన్నీ కొలిచి రాసుకోండి. పాడైన రోజు వచ్చిన అంకెని దేంతో పోల్చాలో అప్పుడే తెలుస్తుంది. బాగున్న రోజు లెక్క లేనివాడికి గేజి ఉన్నా ఉపయోగం లేదు.

కాబట్టి కొనే వరస ఇది: నోటు పుస్తకం, బండి పుస్తకం, మల్టీమీటరు, ఫిల్లర్ గేజి, జాకీ స్టాండ్లు, సైజు చూసి పది పానాలు. ఆ తర్వాత నలుగురు కలిసి టార్క్ రెంచి, కంప్రెషన్ గేజి, స్కానరు. తొలకరి పడేలోపు మొదటి ఆరూ ఇంట్లో ఉంటే చాలు. సీజన్లో మెకానిక్ కోసం గట్టు మీద కూర్చుని ఎదురుచూసే రోజులు సగం తగ్గుతాయి. ఆ సగం రోజులు మన పొలానివి.